మాన్యువల్ కారుతో బర్నౌట్: నాన్న నేర్పిన క్లచ్ కాసేపు మర్చిపోండి

నాకు కారు నేర్పింది మా నాన్న. తెనాలి కార్ల స్టాండులో ఆయనకి ఒక డీజిల్ అంబాసిడర్ ఉండేది, గేర్ రాడ్ స్టీరింగ్ పక్కన ఉండే పాత రకం. క్లచ్ విషయంలో ఆయనది ఒకటే మాట. "ఆవలించినట్టు వదలాలిరా, తుమ్మినట్టు కాదు." బండి కుదిపానంటే నెత్తిన మొట్టికాయ పడేది.

పాతికేళ్ళ తర్వాత, డాలస్‌కి దక్షిణాన ఎన్నిస్ అనే ఊళ్ళో టెక్సాస్ మోటర్‌ప్లెక్స్ డ్రాగ్ స్ట్రిప్ (తిన్నటి దారిలో ఎవరు ముందు వెళ్తారో తేల్చే రేసు ట్రాక్) మీద, వెనకాల ఇరవై కార్లు వరసలో ఉండగా ఆ ఆవలింతే నా పరువు తీసింది. బర్నౌట్ చెయ్యమని, అంటే కారు కదలకుండా ఇంజన్ నడిపే చక్రాలని ఉన్నచోటే గిర్రున తిప్పమని, ట్రాక్ మనిషి సైగ చేశాడు. నేను రేజ్ ఇచ్చి, క్లచ్‌ని అలవాటు కొద్దీ మెల్లగా వదిలాను. టైర్లు తిరగలేదు. బానెట్ కింద నుంచి క్లచ్ ప్లేటు మాడిన కంపు మాత్రం వచ్చింది. రెండోసారి భయపడి బ్రేకు గట్టిగా తొక్కితే బండి ఆఫ్ అయిపోయింది. ట్రాక్ మనిషి పక్కకి పొమ్మని చెయ్యి ఊపాడు.

మాన్యువల్ కారులో బర్నౌట్‌కి క్లచ్ తుమ్మాలి. కుడి కాలితో యాక్సిలరేటర్ తొక్కడం ఎవరైనా చేస్తారు. అసలు పనంతా ఎడమ కాలిది. ఆ పని నాకు పట్టుబడటానికి నాలుగు శుక్రవారాలు, రెండు వెనక టైర్లు పట్టాయి. మీకు అంత పట్టకూడదని రాస్తున్నాను.

ముందు అసలు ఎందుకు చేస్తారో చెప్తాను. చాలామంది పొగ కోసం అనుకుంటారు. డ్రాగ్ రేసులో బర్నౌట్ టైరు వేడెక్కడం కోసం. రబ్బరు కాస్త వేడెక్కితే మెత్తబడి రోడ్డుని పట్టుకుంటుంది. పార్కింగ్ నుంచి అంటుకొచ్చిన ఇసుక, చిన్న రాళ్ళు రాలిపోతాయి. పాత రోజుల్లో టైర్ల కింద బట్టలు తెల్లగా చేసే బ్లీచ్ పోసేవాళ్ళు. ఆ తర్వాత నీళ్ళకి మారారు. అయినా నీళ్ళు నిలబెట్టే ఆ పల్లపు చోటుని ముసలివాళ్ళు ఇప్పటికీ బ్లీచ్ బాక్స్ అనే అంటారు.

ఎక్కడ చెయ్యాలో కూడా ఇక్కడే తేల్చుకుందాం. డ్రాగ్ స్ట్రిప్‌లో, వాళ్ళు అనుమతించిన చోట. అంతే. అపార్ట్‌మెంట్ పార్కింగ్, దుకాణం ముందు ఖాళీ స్థలం, రాత్రి పూట ఫ్రీవే పక్క రోడ్డు, ఏవీ కుదరవు. టెక్సాస్‌లో అది నేరం, కారు కూడా పట్టుకుపోవచ్చు. వీసా మీద ఉన్నవాళ్ళకి క్రిమినల్ కేసు అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. మన దగ్గర హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద సరదా పడేవాళ్ళకి మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ఉంది. 2019 సవరణ తర్వాత మొదటిసారికే 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1000 నుంచి 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ. డబ్బు సంగతి పక్కన పెట్టండి. తిరిగే టైరు కింద నుంచి ఎగిరే రాయి ఎవరికి తగులుతుందో మీ చేతిలో ఉండదు.

డ్రాగ్ స్ట్రిప్‌లో చాలా చోట్ల మామూలు కార్లకి కూడా ఒక రాత్రి కేటాయిస్తారు. రుసుం కట్టి, కారు చూపించి, వరసలో నిలబడటమే. ఎన్నిస్ ట్రాక్ 1986లో తెరిచారు. క్వార్టర్ మైలు, అంటే 402 మీటర్లు, మొత్తం కాంక్రీటే. మన కారుని పరీక్ష చేసేవాళ్ళు బ్యాటరీ గట్టిగా బిగించి ఉందా, ఆయిల్ కారుతోందా, వీల్ నట్లు అన్నీ ఉన్నాయా చూస్తారు. అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే సంస్థ నిబంధన ప్రకారం క్వార్టర్ మైలు 13.99 సెకన్లలో గానీ అంతకన్నా త్వరగా గానీ వెళ్ళే కారుకి హెల్మెట్ తప్పనిసరి. నాది 13 మీద చిల్లరలో వెళ్తుంది కాబట్టి పెట్టుకోవాల్సిందే. చెప్పులు, నిక్కరు వేసుకుని వెళ్ళకండి. మొదటి వారం ఇద్దరు మనవాళ్ళని అలాగే వెనక్కి పంపడం నా కళ్ళతో చూశాను.

ఇక కారు. నాది 2012 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, సెకండ్ హ్యాండ్, 5 లీటర్ల వీ8, 412 హార్స్ పవర్, ఆరు గేర్ల మాన్యువల్. వెనక చక్రాలు నడిచే కారు. బర్నౌట్‌కి ఇదే తేలిక: ముందు చక్రాలని బ్రేకు పట్టుకుంటుంది, వెనకవి తిరుగుతాయి.

ముందు చక్రాలు నడిచే కార్లలో, అంటే మన ఊళ్ళలో తిరిగే చిన్న కార్లు దాదాపు అన్నిట్లో, లెక్క తిరగబడుతుంది. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలని పట్టుకుంటుంది కాబట్టి అది గట్టిగా లాగి, బ్రేకు పెడల్ ముట్టుకోకుండా క్లచ్ వదిలితే ముందు చక్రాలు తిరుగుతాయి. కాళ్ళకి పని తక్కువ. కానీ ఇంజన్ మౌంటింగులకీ, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లకీ పడే దెబ్బ ఎక్కువ. నాలుగు చక్రాలూ నడిచే కారుతో అసలు పెట్టుకోకండి. నాలుగూ రోడ్డుని పట్టుకుంటే, ఆ బలమంతా గేర్‌బాక్స్ లోపలే ఎక్కడో తేలుతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి తొక్కితే కంప్యూటరే ఇంజన్ గొంతు నొక్కేసే కార్లు చాలా ఉన్నాయి. మీది అలాంటిదో కాదో ముందే తెలుసుకోండి.

డిఫరెన్షియల్ గురించి, అంటే ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే భాగం గురించి, ఒక మాట. వానాకాలం నల్లరేగడి డొంకలో అంబాసిడర్ దిగబడితే ఏమవుతుందో చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. నాన్న రేజ్ ఇచ్చేకొద్దీ ఒక వెనక చక్రం గిర్రున తిరిగి బురద చిమ్మేది. రెండోది పెళ్ళికి పిలవని చుట్టంలా కదలకుండా కూర్చునేది. మామూలు డిఫరెన్షియల్ పట్టు తక్కువున్న చక్రానికే తిరుగుడు ఇస్తుంది. అలాంటి కారుతో బర్నౌట్ చేస్తే ఒక్క టైరే అరుగుతుంది, రెండోది చల్లగానే ఉంటుంది, దాంతో బయల్దేరేటప్పుడు కారు ఒక పక్కకి లాగుతుంది. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంటే రెండూ కలిసి తిరుగుతాయి. నా కారులో ఉంది.

బయల్దేరే ముందు క్లచ్‌ని ఇలా పరీక్ష చెయ్యండి. ఖాళీ రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగంలో నాలుగో గేరులో ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) ముల్లు ఎగిరిపోయి కారు వేగం అందుకోకపోతే మీ క్లచ్ అప్పటికే జారుతోంది. బర్నౌట్ మాట మర్చిపోయి మెకానిక్ దగ్గరికి వెళ్ళండి.

టైర్లు చూడండి. అరిగిపోయిన టైర్లతో బర్నౌట్ అయితే ఖర్చు లేదు కదా అని నేనూ అనుకున్నాను. గుండైపోయిన టైరు వేడికి లోపలి తీగలు తేలి పగిలితే వెనక మడ్‌గార్డు చిరిగిపోతుంది. టైరు పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2318 అంటే 2018లో 23వ వారం తయారీ. పాతబడి పక్కగోడల్లో పగుళ్ళు కనిపించిన టైరుని తీసి పారెయ్యండి. గాలి నేను వెనక టైర్లలో 28 పీఎస్ఐకి తగ్గిస్తాను, ఇంటికి బయల్దేరే ముందు మళ్ళీ మామూలుకి నింపుతాను. వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో, కారు పుస్తకంలో ఉన్నంతే బిగించండి.

ఇంజన్ పూర్తిగా వేడెక్కాలి. ఏసీ కట్టెయ్యండి. ఏసీ నీళ్ళు ట్రాక్ మీద కారితే వెనక వచ్చేవాడు జారతాడు, అందుకే ట్రాక్ వాళ్ళు దాని మీద గట్టిగా అరుస్తారు. అద్దాలు ఎక్కించండి, పొగ మీరు పీల్చక్కర్లేదు. చక్రాలు ఊరికే తిరగకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ బటన్ ఒకసారి నొక్కి ఊరుకుంటే సరిపోదు. కారు పక్కకి జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ కూడా ఆగాలంటే కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. మీటర్లో రెండూ ఆఫ్ అని వచ్చిందా చూసుకోండి. హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించండి. వెనక చక్రాల కారులో అది లాగి ఉంటే మీరు తిప్పాలనుకున్న చక్రాలనే అది పట్టుకుంటుంది. నవ్వకండి, నేను చేశాను.

ఇప్పుడు కాళ్ళ సంగతి.

నా రెండో శుక్రవారం, వరసలో నా ముందు ఒక పెద్దాయన పాత షెవర్లే కమారో కారుతో ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. నా అవస్థ ముందు వారమే చూశాడట. నా కారులో తల పెట్టి, ఇంజన్ ఆపి ఉండగానే నా ఎడమ కాలితో ఒక పని చేయించాడు. క్లచ్ పూర్తిగా తొక్కి ఉంచి, పాదాన్ని పైకి ఎత్తకుండా కుడి పక్కకి జార్చాలి. పెడల్ అంచు దాటగానే క్లచ్ స్ప్రింగు బలానికి టక్కున పైకి వచ్చేస్తుంది. పాదం వెళ్ళి బ్రేకు మీద వాలాలి. ఎత్తడం లేదు, వదలడం లేదు, జారడమే. అరుగు మీద నుంచి పిల్లి దిగినట్టు ఉంటుంది. ఆయన నాతో ఇరవై సార్లు చేయించాడు. నేను ఇంటికొచ్చి గరాజ్‌లో ఇంకో వంద సార్లు చేశాను. మా ఆవిడ తలుపు తీసి చూసి ఏమీ అడగకుండా మూసేసింది.

ఎందుకు ఇంత సాధన అంటే, మన ఎడమ కాలికి బ్రేకు తెలీదు. దానికి తెలిసింది క్లచ్ ఒక్కటే, నేల దాకా తొక్కడమే. అదే బలంతో బ్రేకు మీద పడితే ఇంజన్ ఠక్కున చచ్చిపోతుంది. అందుకే ఇంజన్ ఆపి ఉండగానే సగం బలంతో వాలడం అలవాటు చెయ్యాలి.

కొందరు కుడి పాదం వేళ్ళు బ్రేకు మీద, మడమ యాక్సిలరేటర్ మీద పెట్టి, ఎడమ కాలిని క్లచ్‌కే వదిలేస్తారు. బ్రేకు ముందే పడి ఉంటుంది కాబట్టి అదీ మంచి పద్ధతే. నా పాదం పొట్టిది, నాకు కుదరలేదు.

నీళ్ళ దగ్గరికి వచ్చారు. మీవి గాళ్ళున్న మామూలు రోడ్డు టైర్లయితే నీళ్ళలోంచి వెళ్ళకండి. గాళ్ళలో నీళ్ళు పట్టుకుని స్టార్టింగ్ లైను దాకా కారుతూ వస్తాయి. పక్కనుంచి చుట్టి వెళ్ళి, నీళ్ళు దాటాక, వెనక టైర్లు తడి అంచుని తాకేలా కొద్దిగా వెనక్కి రండి. ఆ తడే మొదటి క్షణంలో టైరుని విడిపిస్తుంది. పొడి నేల మీద ఇదే చేస్తే క్లచ్ నుంచి బ్రేకుకి కాలు వెళ్ళే ఆ అర సెకనులో కారు ముందుకి దూకుతుంది. ముందు మనిషి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. స్టీరింగ్ తిన్నగా ఉందా చూసుకోండి. సైగ వచ్చేదాకా ఆగండి.

క్లచ్ నేల దాకా తొక్కి రెండో గేరు వెయ్యండి. మొదటి గేరు కాదు. నా గేర్‌బాక్స్‌లో మొదటి గేరు నిష్పత్తి 3.66, రెండోది 2.43. అంటే అదే ఆర్‌పీఎం దగ్గర రెండో గేరులో చక్రం ఒకటిన్నర రెట్లు వేగంగా తిరుగుతుంది. మొదటి గేరులో ఇంజన్ రెప్పపాటులో లిమిటర్‌కి, అంటే దాని వేగానికి పెట్టిన హద్దుకి, కొట్టుకుంటుంది, టైరుకి వేడి ఎక్కే లోపే మీరు కంగారు పడతారు.

కుడి కాలితో ఆర్‌పీఎం 4500 దగ్గర నిలబెట్టండి. పైకీ కిందకీ ఊపకండి, అక్కడే ఉంచండి. ఎడమ పాదాన్ని జార్చండి. తుమ్ము.

టైర్లు ఒక్కసారిగా విడిపోతాయి. ఎడమ పాదం అప్పటికి బ్రేకు మీద ఉండాలి. బ్రేకు నాలుగు చక్రాలకీ పడుతుంది కానీ ముందు చక్రాలకే ఎక్కువ బలం వెళ్తుంది. వెనక బ్రేకులని ఇంజన్ మించిపోతుంది. అందుకే ముందువి నిలబడతాయి, వెనకవి తిరుగుతాయి. కారు కదలదు, స్పీడోమీటర్ మాత్రం 40 మైళ్ళ పైన చూపిస్తుంది. మొదటిసారి ఆ ముల్లు చూసి నాకు కడుపులో తిప్పింది. చూడకండి. ముందున్న మనిషి చేతుల్ని చూడండి.

ఇక్కడి నుంచి అంతా చెవి పని. కారు ముందుకి పాకుతోందంటే బ్రేకు చాలట్లేదు, చిటికెడు పెంచండి. ఇంజన్ గొంతు బొంగురుపోతోందంటే బ్రేకు ఎక్కువైంది, చిటికెడు తగ్గించండి. యాక్సిలరేటర్‌తో సర్దాలని చూడకండి, అదొక చోట ఉండనివ్వండి. మూడో శుక్రవారం వీడియో నాన్నకి వాట్సాప్‌లో పంపాను. ఆయనకిప్పుడు చూపు సరిగ్గా ఆనదు, ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నాడట. ఫోన్ చేసి, "మధ్యలో బండి గొంతు పడిపోయిందిరా, బ్రేకు ఎక్కువ తొక్కావు. క్లచ్ మాత్రం బానే తుమ్మించావు," అన్నాడు. తిట్టో మెచ్చుకోలో ఇప్పటికీ తెలీదు. బ్రేకు మాట మాత్రం నిజమే.

హాఫ్ క్లచ్ అన్న మాటే రానివ్వకండి. క్లచ్ పూర్తిగా పట్టుకుని ఉండగా తిరిగే టైరు కాలితే కాలింది, అది దాని పని. సగం పట్టుకున్న క్లచ్‌లో వేడంతా ప్లేటుకే పోతుంది. టైరు జత నాకు 400 డాలర్లు. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి.

వెనక నుంచి దడదడ మని, ఎవరో డిక్కీని గుద్దుతున్నట్టు చప్పుడు వస్తే చక్రం ఎగిరెగిరి పడుతోందని అర్థం. వెంటనే యాక్సిలరేటర్ వదిలి క్లచ్ తొక్కండి. ఒక్క సెకను మొండికేసినా యాక్సిల్ విరగొచ్చు. వెనక భాగం పక్కకి జరుగుతున్నా అదే పని.

ఎంతసేపు? రోడ్డు టైర్లకి మూడు, నాలుగు సెకన్లు. పలచగా మొదటి పొగ కనిపించిందంటే మీ పని అయిపోయింది. అంతకు మించితే రబ్బరులోని నూనెలు పైకి తేలి టైరు జిడ్డు పట్టినట్టవుతుంది, పట్టు పెరగాల్సింది పోయి తగ్గుతుంది. డ్రాగ్ రేసు కోసమే చేసిన డ్రాగ్ రేడియల్ టైర్లకి ఇంకాస్త, గాళ్ళు లేని స్లిక్ టైర్లకి ఇంకా ఎక్కువ కావాలి. మేఘాల్లా పొగ లేపేవాళ్ళని చూసి పోటీ పడకండి. వాళ్ళ టైర్లు వేరు, వాళ్ళ జేబు వేరు.

బయటికి రావడం కూడా ఒక విద్యే. యాక్సిలరేటర్ ఠక్కున వదిలేస్తే, వేడెక్కి జిగురైన టైరు నేలని పట్టేసుకుని, ఆ కుదుపంతా యాక్సిల్ మీద పడుతుంది. ముందు బ్రేకు మెల్లగా వదలండి. టైర్లు తిరుగుతూ ఉండగానే కారు పొడి నేల మీదకి పాకుతుంది. టైరు పట్టుకుంటున్నట్టు అనిపించగానే యాక్సిలరేటర్ తగ్గించి క్లచ్ తొక్కండి. ఈ తగ్గింపు మాత్రం ఆవలింతే. స్టార్టింగ్ లైను దాటి పోకండి. ట్రాక్షన్ కంట్రోల్ మళ్ళీ వేసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, కొత్తవాళ్ళు వేసుకుంటేనే మంచిది.

లైన్ లాక్ గురించి అడిగేవాళ్ళు ఉంటారు. ముందు బ్రేకుల్లోని ఒత్తిడిని పట్టి ఉంచి వెనకవి వదిలేసే ఏర్పాటు అది. 2015 నుంచి మస్టాంగ్ జీటీల్లో కంపెనీ నుంచే వస్తోంది. రేస్ ట్రాక్‌లో మాత్రమే వాడాలని వాళ్ళే రాశారు. మా స్నేహితుడి 2016 కారులో ఉంది. బటన్ నొక్కి, బ్రేకు తొక్కి వదిలేస్తే చాలు, ఎడమ కాలు హాయిగా కూర్చుంటుంది. వాడు మొదటి రాత్రే చేసేశాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా క్లచ్ తుమ్మించడం వాడికీ తప్పలేదు.

రేసు అయ్యాక బ్రేకులు ఎర్రగా కాగి ఉంటాయి. పార్కింగ్‌లో హ్యాండ్ బ్రేకు లాగకుండా గేరులో ఉంచి, చక్రం కింద చెక్క ముక్క పెట్టండి. ఇరవై నిమిషాలు చల్లారాక టైర్ల మీద కోతలు, ఉబ్బులు ఉన్నాయా తడిమి చూడండి. వీల్ నట్లు మళ్ళీ బిగించండి. వెనక మడ్‌గార్డు లోపల, బంపరు మీద నల్లటి రబ్బరు ముక్కలు తుమ్మ జిగురులా అంటుకుని ఉంటాయి. గోకితే పెయింటు లేస్తుంది. తారు వదిలించే ద్రవం మెత్తటి గుడ్డ మీద పోసి రెండు నిమిషాలు ఆనించి తుడవండి, వచ్చేస్తాయి. ఆ గుడ్డని ఇంట్లో వాషింగ్ మెషీన్‌లో మాత్రం వెయ్యకండి.